మందారానికి క్రాపు

"ఊళ్లో తలలన్నీ నేను వంచితే వంగుతాయి. పూయకుండా దీనికొక్కదానికే తలబిరుసు! పీకి పారేస్తా!" సెలూన్ ఆయన మందారం మొదలు పట్టుకున్నాడు.

"ఆగండి! మందారం కొత్త చిగురు కొసన…" అంది భార్య.

"తెలుసులే, ఎండ చాల్లేదంటావ్!"

"అది కాదండీ, ఆ కొసల్లోనే…"

"ఎరువేశాగా! ఆదివారం ఆదివారం ఫ్రీగా క్రాపు కూడా చేస్తున్నా!"

ఆమె మొక్కకు అడ్డం నిలబడింది. "మహానుభావా! మందారం మొగ్గేసేదే కొత్త చిగురు కొసన. వారం వారం మీరు కత్తిరించేది ఆ కొసలే! పెళ్లైనప్పట్నుంచీ నా మాటలకు చేస్తున్న క్రాపే దానికీ చేస్తుంటే, ఇక పువ్వెక్కడ పూస్తుంది, మీ కత్తెరకా?"

ఆయన నోరు తెరిచాడు. నాలుక మీదికొచ్చిన జవాబు మింగేసి, మొక్కను వదిలేశాడు.

"ఊఁ… ఇంకా చెప్పు."

ఆమె మాటను ఇంతదూరం ఎప్పుడైనా రానిస్తేగా! పాపం, తర్వాతేం చెప్పాలో ఆవిడకే తోచలేదు.