పక్క తలుపు

సభకి ఇంకా గంట ఉందనగా పక్క తలుపు దగ్గర పేచీ మొదలైంది.

పొద్దున్నుంచీ కాలు కాలిన పిల్లిలా హాలంతా తిరుగుతున్న మేనేజరు అటు పరుగెత్తాడు.

తెరిచి ఉన్న తలుపు రెక్కకి వీపు ఆనించి ఒకాయన నిలబడి ఉన్నాడు. నెరిసిన గడ్డం, వెలిసిపోయిన నీలం చొక్కా. ఆయన ఎదురుగా కొత్తగా పెట్టుకున్న వాచ్‌మన్, చేతిలో తాళంకప్పతో బిక్కమొహం వేసుకుని ఉన్నాడు.

"జరగమంటే జరగట్లేదు సార్."

"ఏం కావాలండీ మీకు?" మేనేజరు అడిగాడు.

"ఏమీ వద్దు బాబూ. ఈ తలుపు తీసి ఉంచండి, చాలు."

"పాస్ ఉందా?"

"లేదు. నేను లోపలికి రాను. ఇక్కడే నిలబడతాను."

మేనేజరుకి చిర్రెత్తుకొచ్చింది.

ఆ హాలు ఒకప్పుడు సినిమా థియేటరు. మంటలు రేగిన రోజు ఈ పక్క తలుపుకి తాళం వేసి ఉంది. ఇటువైపు కూర్చున్నవాళ్ళు బయటపడలేకపోయారు. తర్వాత దాన్ని బాగుచేసి సభల హాలుగా మార్చారు. ఏటా అదే రోజున పోయినవాళ్ళ కోసం సంతాప సభ పెడతారు.

మేనేజరు చేరాక ఇదే మొదటి సభ. పోయినేడాది పాసులు లేనివాళ్ళు పక్క తలుపులోంచి దూరి ముందు వరుసలో సర్దుకున్నారట. హాలు కమిటీ చైర్మన్ గారి భార్యకి కుర్చీ దొరకలేదట. మర్నాడే పాత మేనేజరు ఉద్యోగం ఊడింది. ఇతనికి ఈ ఉద్యోగం మావగారు వేయించింది. ఇది కూడా పోతే ఆయన ముందు తలెత్తుకోలేడు.

"పెద్దాయనా, ఇది పోయినవాళ్ళ కుటుంబాల కోసం పెట్టిన సభ. మీవాళ్ళెవరైనా పోయారా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మరి మీకేం పని ఇక్కడ?"

"తలుపు వెయ్యకండి బాబూ. దణ్ణం పెడతాను."

"వెయ్యకపోతే పాసుల్లేనివాళ్ళు దూరతారండీ."

ఆ మాట వినగానే ఆయన మొహం పాలిపోయింది. తలుపు రెక్కని ఇంకా గట్టిగా అదిమి పట్టుకున్నాడు.

మేనేజరు ఇంకో ఇద్దర్ని పిలిచాడు. చెరో చెయ్యీ పట్టుకుని గేటు దాకా నడిపించారు. ఆయన పెనుగులాడలేదు. వెనక్కి తిరిగి తిరిగి తలుపు వంక చూస్తూ వెళ్ళాడు.

వాచ్‌మన్ ఇంకా నసుగుతున్నాడు. "తాళం వెయ్యమంటారా సార్? అప్పుడు కూడా ఇలాగే..."

"అప్పుడు సినిమా. ఇప్పుడు సంతాప సభ. రెండు గంటల్లో అయిపోతుంది. వెయ్యవయ్యా బాబూ, ఏదన్నా అయితే నేను చూసుకుంటా."

తాళం పడింది. మేనేజరు హమ్మయ్య అనుకున్నాడు గానీ మనసు కుదుటపడలేదు.

సభ మొదలైంది. మౌనం పాటించారు. చైర్మన్ గారు మైకు అందుకున్నారు.

"ఒక్క వాచ్‌మన్ నిర్లక్ష్యం! ఒక్కడు చేసిన పాపానికి ఇంతమంది బలయ్యారు."

వేదిక మీదివాళ్ళు చప్పట్లు కొట్టారు. కింద కుటుంబాలవాళ్ళు మాత్రం కుర్చీల్లో ఇబ్బందిగా కదులుతున్నారు. ఒకరినొకరు చూసుకుని, మళ్ళీ పక్క తలుపు వైపు చూస్తున్నారు.

ఒక ముసలావిడ లేచి బయటికి నడిచింది. ఆమె వెనకే ఇంకొకరు. చూస్తుండగానే ముందు వరుస సగం ఖాళీ అయింది. చైర్మన్ గారు మాట్లాడుతూనే మేనేజరు వైపు ఒక చూపు విసిరారు.

 మేనేజరు ముసలావిడ వెంట మెట్ల దాకా పరుగెత్తాడు.

"ఏమ్మా, ఏమైంది? కుర్చీ బాలేదా?"

"ఊపిరాడట్లేదు నాయనా. తలుపు మూశారుగా."

"ఏసీ వేశామమ్మా."

"ఏసీ సంగతి కాదు. ఆ తలుపు దగ్గర నిలబడే ఆయన ఏడి?"

మేనేజరు గేటు వైపు చూశాడు. "పాస్ లేదని... పంపించేశామమ్మా."

ముసలావిడ మెట్ల మీదే కూలబడింది.

"ఏటా వస్తాడు. సభ అయ్యేదాకా తలుపుకి వీపు ఆనించి అలాగే నిలబడతాడు. మంచినీళ్ళిచ్చినా తాగడు. ఆయన అక్కడుంటే ఎవరూ తలుపు వెయ్యలేరని మాకు ధైర్యం. ఆ ధైర్యంతోనే ఇన్నేళ్ళూ ఈ హాల్లో కూర్చున్నాం."

మేనేజరు వెంటనే వెళ్ళి తాళం తీయించాడు. అక్కణ్ణించే గేటు దాటి పరుగెత్తాడు. వీధి ఆ చివరా ఈ చివరా వెతికాడు. టీకొట్లో అడిగాడు, బస్సుస్టాపులో అడిగాడు. నీలం చొక్కా ఎక్కడా కనపడలేదు.

చెమటలు కక్కుతూ తిరిగొచ్చేసరికి ముసలావిడ అక్కడే ఉంది. లోపల మైకు ఇంకా మోగుతూనే ఉంది.

"దొరకలేదమ్మా. పెద్ద తప్పు చేశాను. ఎక్కడుంటారో చెప్పండి, రేపే వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను. మీకు చుట్టమా?"

"చుట్టమా?" ముసలావిడ పొడిగా నవ్వింది. "మా మనవరాలు ఆ తలుపు దగ్గరే పోయింది. మొదటిసారి ఆయన ఇక్కడికొచ్చి నిలబడినప్పుడు నేను చెప్పు తీశాను. కొట్టించుకున్నాడే గానీ తలుపు వదిలిపెట్టలేదు."

"ఎందుకమ్మా? ఆయనెవరు?"

ఆమె హాలు వైపు చెయ్యి చూపించింది.

"లోపల మీ చైర్మన్ తిడుతున్నాడే, ఆ రోజు టికెట్ లేనివాళ్ళు దూరతారని పైవాళ్ళు వెయ్యమంటే తాళం వేసి జైలుకెళ్ళిన వాచ్‌మన్, ఆయనే నాయనా."