మొదటి బుకింగ్

"నమస్తే సార్. రండి, కూర్చోండి. నా పేరు నగేశ్."

మంచం మీద అప్పటికే కూర్చుని ఉన్న యాకూబు కాస్త నిటారుగా సర్దుకున్నాడు. చర్చి నుంచి వచ్చి ఇంకా చొక్కా విప్పలేదు. కార్లు కొనే మనిషి అన్నాక ఆ మాత్రం ఉండాలి.

"నమస్తే బిడ్డా," అన్నాడు.

"ఎక్కడి నుంచి వస్తున్నరు సార్?"

"ఈడికెళ్లే. లింగంపేట పక్కకు."

"అంత దూరంకెళ్లి మా షోరూం వెతుక్కుంట వచ్చిన్రు. చాలా సంతోషం సార్. మంచినీళ్లు తాగుతరా?"

"మీ అమ్మను తెమ్మను."

గుమ్మం పక్కన బీడీలు చుడుతున్న సాలవ్వ తలెత్తలేదు. "పొద్దుగాల గూడ అయింది గదా. మల్లనా?" అంది.

"ఒక్కపారే."

"నీకు ఒక్కపారంటే ఎన్నో!"

నగేశ్ డిగ్రీ అయ్యాక చాన్నాళ్లు ఖాళీగా తిరిగి, కామారెడ్డిలో కార్ల షోరూంలో అమ్మకాల పనికి కుదిరాడు. ముందు కొన్నాళ్లు పని నేర్చుకోవాలి. ఆలోగా ఒక్క బుకింగ్ తెచ్చుకుంటే నౌకరి ఖాయం. మేనేజరు పురుషోత్తం కొత్తవాళ్లందరికీ ఒకటే పాఠం చెప్పేవాడు. ఇంట్లో ఎవరినైనా కస్టమర్‌గా కూర్చోబెట్టుకుని సాధన చేయండి. ఒక మాట అడిగి, ఆయన జవాబు చెప్పేంతసేపు ఆగండి. మీ మాటల వరకు ఆ ఖాళీలతోనే ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. ఆయన ఎటు దారి తప్పించినా మీరు మాత్రం వరుస తప్పొద్దు. చివరికి ఆయన వద్దనాలి. వద్దన్నవాడితో మర్యాదగా మాట్లాడటమే అసలు విద్య.

అలా యాకూబు కస్టమర్ అయ్యాడు. పొలం పనులు తప్ప మరొకటి ఎరగని మనిషి, వారం తిరగకముందే కొడుకును ఏడిపించడం నేర్చాడు. "గీ రంగు బాలేదు" అనేవాడు. "మా బామ్మర్ది ఇంకో కంపెనీది మంచిదన్నడు" అనేవాడు. ఎంత బతిమాలినా చివరికి వద్దనే అనేవాడు. "బాపూ, నీ అసొంటి కస్టమర్ పగోనికి గూడ రావద్దు," అని నగేశ్ నెత్తి కొట్టుకుంటే, సాలవ్వ చాటలోని బీడీలు చెదిరేలా నవ్వేది.

మొదటి బుకింగ్ మాత్రం పడలేదు.

"ఇంట్లో ఎంతమంది ఉంటరు సార్?"

యాకూబు భార్య వైపు చూశాడు. తునికాకు కోస్తున్న ఆమె కత్తెర ఆగింది.

"ముగ్గురం," అన్నాడు.

"అయితే మీ కోసమే చేసినట్టుంది సార్ ఈ కారు. ఇటు రండి, ముందు దిక్కుకెళ్లి చూపిస్త."

అప్పుడే పక్కింటి మార్కండేయ వాకిట్లోకి వచ్చాడు. పొలం మోటారు సంగతేదో చెప్పబోయి, లోపలి మాటలు చెవిన పడి నోరు మూసుకున్నాడు. చెప్పుల చప్పుడు కాకుండా వచ్చిన దారినే వెళ్లిపోయాడు. సాలవ్వ అది చూసింది. మనసులోనే అతనికి దండం పెట్టుకుంది.

"ముందర సీట్లకు గాలి సంచులుంటయి సార్. దేనికన్న గుద్దుకున్నా టక్కున తెరుచుకుని మనిషిని కాపాడ్తయి."

"మోటరు సైకిల్‌కు ఉంటయా బిడ్డా?"

"ఇంటోళ్ల పానం కన్న ఎక్కువ ఏముంటది సార్?"

యాకూబు భుజం మీది తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఒక్కసారి తోలి చూడండి సార్. ఎల్లారెడ్డి దాకా పోయొద్దాం."

"నాకు యాడ వస్తది? నువ్వే తోలు. మీ అమ్మను ఎన్క సీట్ల కూసోవెడదాం. ఎన్నడు ఎక్కలే పాపం."

"సీటు మెత్తగున్నది గద సార్?"

"నేనేమంటున్న, నువ్వేమంటున్నవ్ రా?" యాకూబు పెదవుల మీదికి నవ్వొచ్చింది. "బట్టీ వట్టినవ్, అంతే."

"నువ్వెందుకు అన్నిటికి జవాబు చెప్తవ్?" అంది సాలవ్వ. "ఊకె కూసోని ఇనరాదు?"

"కస్టమర్ ఊకె కూసుంటడా?"

ఆమె చాట ఒళ్లోకి లాక్కుంది. ఆకులో పొగాకు పోయబోతే సగం నేల మీద పడింది.

"మరి పేరు రాసుకోమంటరా సార్? బండి బుక్ చేస్త."

ఇక్కడే వద్దనాలి. రంగు బాలేదనో, బామ్మర్దిని అడగాలనో అనాలి. ఇన్నిసార్లూ యాకూబు అదే అన్నాడు. ఇప్పుడు మాత్రం అతని చేతులు మోకాళ్ల మీద బిగుసుకున్నాయి.

"రాసుకో బిడ్డా. తీసుకుంట."

"అట్లంటే ఎట్ల సార్? నిమ్మలంగ ఇంకోసారి ఆలోచించండి."

"వద్దనలే రా! తీసుకుంట అంటున్న." యాకూబు మంచం మీంచి లేచి నిలబడ్డాడు. "నీ మొదటి బుకింగ్ నాదే. పో, మీ సారుకు చెప్పు."

"పర్వాలేదు సార్. కొనకున్నా మీరు మా మనిషే. ఇటు దిక్కు వచ్చినప్పుడు ఒకసారి లోపటికి రండి. నా పేరు మర్చిపోకండి సార్. నగేశ్."

ఆ తర్వాత మాటల్లేవు. యాకూబు మెల్లగా మళ్లీ కూర్చుని, తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

"ఒక్కపారన్న ఒప్పుకుంటే నాకేం పోయేది, సాలవ్వా?"

సాలవ్వ మంచం మీది ఫోన్ అందుకుని, చనిపోయిన కొడుకు గొంతును మళ్లీ మొదటి నుంచి పెట్టింది.