గంగమ్మ దొప్ప

బొమ్మ జలాంతర్గామి మునిగింది. వెంటనే నీళ్ళమీదికి బుడగలు తన్నుకొచ్చాయి.

"బుడగలు కనపడతాది మామా," అంది నికితా. "పెద్నాన్న ఒడ్డునే ఉంటాడు. చూస్తాడు."

రాజెన్ రిమోటుని ఒళ్ళో పడేసుకున్నాడు. డర్బన్ శివారు అవోకాలో, అతని పక్కింటివాళ్ళ ఈతకొలను అది. వాళ్ళు ఊళ్ళో లేరు కాబట్టి సరిపోయింది.

డర్బన్‌లో గ్రే స్ట్రీట్ పక్కన అతనికి రేడియోలు బాగుచేసే దుకాణం ఉంది. బొమ్మ విమానాలు ఎన్నో ఎగరేశాడు. నీళ్ళకింద నడిచే బొమ్మ మాత్రం ఇదే మొదలు. నడపడం కష్టం కాలేదు. ముంచడమే కష్టంగా ఉంది. మునగాలంటే లోపలి ట్యాంకులోకి నీళ్ళు రావాలి, తేలాలంటే పోవాలి. చిన్న గ్యాస్ డబ్బాతో ఆ నీళ్ళని నెట్టేయడం తేలికనుకున్నాడు. కానీ నీళ్ళు లోపలికొస్తే గ్యాస్ బయటికి పోక తప్పదు.

ఇదంతా నికితా పెళ్ళికోసం.

నికితా అతని అక్క సరస్ కూతురు. వెంట్‌వర్త్‌లో ఉండే ఫ్రాంక్‌ని చేసుకుంటానంది. ఫ్రాంక్ మనవాడు కాదు, చర్చికి వెళ్ళే ఇంటివాడు. నికితా తండ్రి తన అన్న ఎదుట నోరెత్తే మనిషి కాదు. ఆ అన్న, సూబయ్య, కుదరదన్నాడు. ఆ గొడవలో భజనవాళ్ళంతా వింటుండగా సరస్ ఒక మాట అనేసింది. ఏటా సముద్రంలో గంగమ్మకి వదిలే దొప్ప అలలు దాటి అక్కడే మునిగితే తల్లి ఒప్పుకున్నట్టు. ఒడ్డుకి తిరిగొస్తే ఒప్పుకోనట్టు. మూడేళ్ళు చూస్తానంది.

అరటి దొప్పలో పసుపు, గాజులు, పూలు, వెలిగించిన కర్పూరం. రెండేళ్ళూ తిరిగొచ్చింది. రాకేం చేస్తుంది? సూబయ్య ఇప్పటికీ ఒకప్పుడు ఇండియన్లకి విడిగా కేటాయించిన పాత బీచ్‌కే తీసుకెళ్తాడు. అక్కడ అలలు మనిషినే నిలబడనివ్వవు. తెల్లవాళ్ళ రాజ్యం పోయి ఎన్నికలై ఏడాది కావస్తోంది, ఏ బీచ్‌కైనా పోవచ్చు, రాళ్ళకట్ట వెనక నీళ్ళు కదలకుండా ఉంటాయని రాజెన్ చెప్పి చూశాడు. గంగమ్మ మనల్ని ఇక్కడే ఎరుగును అన్నాడు సూబయ్య.

ఇది మూడో ఏడు. ఈసారీ తిరిగొస్తే ఫ్రాంక్ ఇక ఆగనన్నాడు. గంగమ్మ తల్లి ఊ అనకుండా నికితా గడప దాటనంది.

బొమ్మ ఆలోచన నికితాయే తెచ్చింది. దొప్ప కింద తగిలించి అలలు దాటించాలి, ఆ తర్వాత ముంచాలి. వినగానే రాజెన్ వద్దన్నాడు. తల్లి పోయాక అతన్ని పెంచింది అక్కే. దీపం పెట్టకుండా టీ కూడా తాగదు. దేవుడి దగ్గర మోసం చేశాడని తెలిస్తే మళ్ళీ అతని ముఖం చూడదు. మేనకోడలు ఏడ్చింది కాబట్టి ఒప్పుకున్నాడు.

గ్యాస్ తీసేశాడు. ట్యాంకే లేకుండా, వేగంగా పోతూ రెక్కలు వంచి ముక్కుమీద మునిగేలా చేశాడు. నికితా చూసి బాగుందంది. మర్నాడు వచ్చి వద్దంది.

"కుక్క లాక్కుపోయినట్టు ఉంటాది. గంగమ్మ మెల్లగా తీసుకోవాల. అలగైతేనే నమ్ముతారు."

"నిన్న బాగుందన్నావు కదే."

"ఇంటికెళ్ళి ఆలోచించాను."

కారు అద్దాలు కడిగే నీటిపంపు బిగించాడు. సంతోషంగా చూసి వెళ్ళింది. మర్నాడు మళ్ళీ అదే ముఖం. పంపు అదురుతోందట, నీళ్ళలో నిలబడ్డవాళ్ళకి కాళ్ళకి తెలుస్తుందట. నడుంలోతులో నిలబడి దొప్ప వదిలేది అక్క. ఆమెకే తెలియకూడదు. రాజెన్ పళ్ళు కొరుకుతూ పంపు ఊడదీశాడు.

"ఎయ్, నో మాన్ నికితా. సైన్సులో ఫెయిలైనదానివి, నాకు చెప్తావా? నువ్వే తయారుచేసుకో."

ఆమె నవ్వలేదు. ఇంకోటి చేసి చూడమంది.

చివరికి పశువులకి మందు ఎక్కించే పెద్ద సిరంజిలు కొన్నాడు. చిన్న మోటారు మర తిప్పితే పిస్టన్ వెనక్కి జరిగి నీళ్ళు పీల్చుకుంటుంది. చప్పుడు లేదు, బుడగ లేదు. కొలనులో నిద్రలోకి జారినట్టు మునిగింది.

సముద్రంలో మునగలేదు. పిస్టన్ చివరిదాకా పోయినా వీపు బయటే ఉండిపోయింది. ఉప్పునీరు ఎక్కువ తేలుస్తుందన్న సంగతి కొలను దగ్గర అతనికి గుర్తే రాలేదు. రాజెన్ ఇసుకలో కూలబడి, తన వల్ల కాదన్నాడు.

మర్నాడు నికితా రాళ్ళుప్పు బస్తా మోసుకొచ్చింది. డ్రమ్ములో నీళ్ళు సముద్రమంత ఉప్పగా కలిపి, అందులో బొమ్మకి సీసం గుండ్లు కట్టి చూడమంది.

"ఇంత ఉప్పు ఎక్కడిదే?"

"అమ్మ ఊరగాయలకి తెచ్చుకుంది."

"అక్క అడగలేదా?"

"లేదు."

రాజెన్‌కి భయం ఇంకా పెరిగింది.

ఈస్టర్ సెలవుల్లో పూజ. సూబయ్య చేతులు కట్టుకుని ఒడ్డున నిలబడ్డాడు. రాజెన్ కొంచెం ఎడంగా కూర్చుని రిమోటు మీద తువ్వాలు కప్పుకున్నాడు. ఉప్పునీళ్ళలో సిగ్నల్ అందదని ఏరియల్ తీగని దొప్పలో పూలమధ్య ముందే దాచాడు. సరస్ నీళ్ళలోకి నడిచింది. సాయం పట్టే వంకతో నికితా పక్కన నిలబడి, పమిటచాటున తెచ్చిన బొమ్మని నీళ్ళకింద దొప్పకి కొక్కెంతో తగిలించింది. కొక్కెం ఒక పట్టాన పడలేదు. అంతసేపూ సరస్ కళ్ళు మూసుకుని దండం పెడుతూనే ఉంది.

దొప్ప కదిలింది. ఒక అల ఎత్తింది, వెనక్కి రాలేదు. రెండో అల దాటింది. తెల్లటి నురగ అవతల కాసేపు నిలిచి, మెల్లగా, కర్పూరం ఆఖరున ఆరుతూ, కిందికి దిగిపోయింది.

సూబయ్య రెండు చేతులూ జోడించాడు. తల్లి తీసుకుంది, ఆ అబ్బాయిని ఇంటికి పిలవండి అన్నాడు.

సరస్ తడిచీరతో ఒడ్డుకొచ్చి అందరికీ బొట్టు పెట్టింది. చివరికి తమ్ముడి ముందుకొచ్చింది. రాజెన్ తువ్వాలుని గట్టిగా అదిమిపట్టి తల వంచుకున్నాడు.

అతని నుదుట బొట్టు పెడుతూ, అతనొక్కడికే వినపడేలా ఆమె అంది: "మెల్లగా ముంచమని ఎన్నిసార్లు పిల్లని నీ దగ్గరికి పంపినాను తమ్ముడా, ఇయ్యాలకి నేర్చుకున్నావు."