కిటికీ కాడి గడ్డి

ఫౌంటెన్ గడ్డి దుబ్బులు చీల్చి వేరు చెయ్యాలి. ఎండిన కొసలు కత్తిరించాలి. నీళ్ల ట్యాంకరాయనకు మళ్లీ ఫోన్ చెయ్యాలి. రాని కూలీల పని కూడా తనే చెయ్యాలి. వచ్చే నెల పై ఆఫీసు సార్లు చూడటానికి వచ్చేలోపు ఆర్మూర్ రోడ్డు నడుమ డివైడర్‌లో ఆ గడ్డి పచ్చగా నిలబడాలి.

అది నిలబడకపోతే ప్రవళిక ఉద్యోగం నిలబడదు.

వేల్పూర్‌లో వాళ్లింట్లో డిగ్రీ దాకా చదివింది ఆమె ఒక్కతే. తోటల చదువు. నర్సరీలో సూపర్‌వైజర్ అని పేరే గాని, పార పట్టనిదే పూట గడవదు.

ఎండకు నడుం విరిగి నీడకు కూలబడిందో లేదో, ఎదురుగా ఒక ముసలామె.

"బిడ్డా, గడ్డి కావాలె."

"బర్లకా? ఇది మేసే గడ్డి కాదవ్వా, చూసుకునే గడ్డి."

"చూసుకునేదే కావాలె. పెర్కిట్ వెనక గల్లీల కాశీరాం అని ఉన్నడు. పసుపు బస్తాల లారీ మీదికెళ్లి పడి మంచానికి అతుక్కపోయిండు. కిటికీలకెళ్లి చూస్తే గోడ. పొద్దంత గోడే. 'గోడను చూసి చూసి నేను గూడ గోడనైతున్న' అంటడు. వాని కండ్లకు కదిలేదేమన్న కనవడాలె."

"పూలచెట్టు పెట్టరాదు?"

"పువ్వు పూసిన కాడ్నే ఉంటది. గడ్డైతే ఊగుతది."

"నీ కొడుకా?"

"మనిషి."

ఆమె పేరు నీలవ్వ. వరుసల మధ్య తిరుగుతూ ఒక్కో దుబ్బు ముందు వంగి "ఉఫ్" అని ఊదింది. కూలోళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. ఫౌంటెన్ గడ్డి దగ్గర ఆగింది. నక్కతోకల్లాంటి వెన్నులు ఆ ఊపిరికే తలలూపాయి.

"గిదే! గిది ఇయ్యి బిడ్డా."

"అది రోడ్డుకు పోయేది. ఒక్కటి తక్కువైనా నన్నే అడుగుతరు."

ఆమె కదల్లేదు. ప్రవళికకు ఓపిక లేదు. మూలన పడున్న వట్టివేరు దుబ్బు తీసి చేతిలో పెట్టింది.

"గిది పెట్టుకో. చావమన్నా చావది."

చావదు, నిజమే. కాని వట్టివేరు నిక్కి నిలబడుతుంది. గాలివాన వస్తే తప్ప తల ఊపదు. ఆ సంగతి ప్రవళికకు తెలుసు.

వారం తిరక్కుండా నీలవ్వ మళ్లీ వచ్చింది.

"బిడ్డా, గిది కదుల్తలేదు."

ప్రవళిక చెవి దగ్గర ఫోన్. అవతల ట్యాంకరాయన రేపంటున్నాడు. ఇవతల గడ్డి వాడిపోతోంది.

"గాలుంటే కదుల్తదవ్వా! గడ్డి మేమే ఇయ్యాలె, గాలి గూడ మేమే ఇయ్యాల్నా?"

కూలోళ్లు ఈసారి గట్టిగానే నవ్వారు. నీలవ్వ కూడా నవ్వింది.

"నిజమే బిడ్డా. నువ్వు మాత్రం ఏడికెళ్లి తెస్తవు."

కొంగు నెత్తిన వేసుకొని ఎండలో పడి వెళ్లిపోయింది.

రోడ్డు నడుమ గడ్డి నిలబడింది. సార్లు చూసి తలూపారు. ఉద్యోగం దక్కింది. దుబ్బులు నాలుగు మిగిలాయి. వాటిని చూసినప్పుడల్లా, నీలవ్వను అన్న మాట లోపల ముల్లులా మెదిలేది. ఒక పొద్దుగూకే యాళ్ల ఒక దుబ్బు స్కూటీ మీద పెట్టుకొని పెర్కిట్ వెనక గల్లీకి పోయింది.

కిటికీ వెనక మంచం. మంచంలో కాశీరాం.

"అన్నా, నర్సరీకెళ్లి వేరే గడ్డి తెచ్చిన. అప్పుడిచ్చింది మంచిది గాదు."

"ఎందుకు గాదు చెల్లె? మస్తుండె! పొద్దంత ఊగేది. మా గల్లీల గింత గాలున్నదని నాకు గప్పుడే తెల్సింది. దాన్ని చూసుకుంట నొప్పి గూడ మర్సేది."

"ఇప్పుడు?"

"నాల్గైదు దినాల సంది గాలి బందైంది."

ప్రవళికకు అంతు పట్టలేదు. వట్టివేరు ఊగడమేమిటి?

పాత దుబ్బు తీయడానికి, కిటికీ ఎదుట దాన్ని నాటిన పగిలిన డ్రమ్ము మీదికి వంగింది. దుబ్బు నడుము దగ్గర చేతికి ఏదో తగిలింది. బీడీలకు కట్టే దారం, పది పేటలు పురిపెట్టింది. గోడ వెంట పోయి, మంచంలోంచి కనపడని చోట, సరిగ్గా కిటికీ కింద ఆగింది. అక్కడ నేల మీద కత్తిరించిన తునికాకు ముక్కలు. దారం కొసన చిన్న ఉచ్చు, కాలి బొటనవేలు పట్టేంత.

"అన్నా, ఈడ ఎవరు కూసునేది?"

"నీలవ్వ. ఎదురింట్ల కిరాయికుండె. మాకేం గాదు. పొద్దంత నా కిటికీ కిందనే బీడీలు చేసుకుంట దగ్గుడు. ఓ పాలి తిట్టిన గూడ, నీ వాకిట్ల కూసోరాదా అని. 'గీడ నీడున్నది కొడుకా' అన్నది."

ప్రవళిక తలెత్తి చూసింది. అక్కడ నీడ లేదు. పడమటి ఎండ గోడను ఇంకా కాలుస్తూనే ఉంది.

"ఆమె ఏది?"

"పోయింది పాపం. ఎండదెబ్బ. దగ్గు ఇనవడకపోతే లేచి ఇంటికి పోయిందేమో అనుకున్న. మా ఇంటామె గంగమణి మార్కెట్లకెళ్లి పని చేసుకొని వచ్చి చూస్తే, గీడ్నే ఒరిగి ఉన్నది."

ప్రవళిక కొత్త దుబ్బు నాటింది. మట్టి అదిమింది. నీళ్లు పోసింది. నక్కతోక వెన్నులు కిటికీలో నిండుగా కనపడ్డాయి. ఒక్కటీ కదల్లేదు.

"సక్కగున్నది చెల్లె," అన్నాడు కాశీరాం, కళ్లు తిప్పకుండా. "మల్ల గాలెప్పుడొస్తదో."



ఆకు మెదలని ఎండలో ఎక్కడైనా ఒక్క గడ్డి దుబ్బు ఊగడం మీ కంట పడితే, చేతులతో బీడీలు చుడుతూ కాలి బొటనవేలితో ఒక పరాయి మనిషికి గాలయిన నీలవ్వను ఒక్కసారి యాది చేసుకోండి.