ఇంట్లో పిల్లలున్నారా?

"ఇంట్లో పిల్లలున్నారా అమ్మా?"

వైఫై బాగుచెయ్యడానికి వచ్చిన మనిషి గుమ్మంలోనే ఆ మాట అడిగాడు.

నెట్ రెండు రోజులుగా నత్తనడక నడుస్తోందని కంపెనీకి ఫోను చేసింది తల్లే. వచ్చినవాడికి యాభై దాటి ఉంటాయి. మాసిన గడ్డం, చెవి మీద పెన్సిలు ముక్క, కళ్ళెత్తి చూడని చూపు. వైఫై పెట్టె ఎక్కడుందో అడగకుండా పిల్లల సంగతి ఎందుకు?

ఒక పాప ఉందని చెప్పేసింది. చెప్పాక నాలిక కరుచుకుంది.

"ఎన్నేళ్ళు?"

"తొమ్మిది."

"ట్యాబు ఒక్కతే చూసుకుంటుందా, మీరు పక్కన ఉంటారా?"

తల్లి, బొమ్మలు వేసుకుంటున్న పాపకూ అతనికీ మధ్యలో వచ్చి నిలబడింది.

కిందటేడు పక్క వీధిలో ఏం జరిగిందో ఆమె మరిచిపోలేదు. ట్యాబులో ఆడుకునే పదేళ్ళ పిల్ల, అందులో ఎవరో అక్క రమ్మందని బడిసంచీలో గౌను సర్దుకుని వెళ్ళిపోయింది. మూడో రోజు దొరికింది. దొరికింది గానీ ఆ తర్వాత నోరు విప్పి మాట్లాడలేదు. వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి పోయారు. అప్పటినుంచి తన పాప స్నానాల గదిలో రెండు నిమిషాలు ఎక్కువుంటే చాలు, ఈ తల్లి తలుపు బాదుతుంది.

అతను పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఏదో మార్చాడు. ట్యాబు కూడా అడిగి తీసుకుని అందులోనూ ఏదో నొక్కాడు. తర్వాత చెవి మీది పెన్సిలు తీసి, పెట్టె వెనక గోడ మీద మధ్య మధ్య చుక్కలతో అంకెలు రాశాడు. నొక్కి నొక్కి రాశాడు.

"చెరపకండమ్మా. ఎవరొచ్చి పెట్టె ముట్టుకున్నా ఇవే పెట్టమనండి."

దారి చెప్పే మనిషిని మార్చానని ఇంకేదో వివరించబోయాడు. ఏడో తరగతితో బడి మానేసిన తల్లికి, అర్థం కాలేదని చెప్పడానికి మొహమాటం. తలూపి పంపించేసి తలుపు గడియ పెట్టింది.

నెట్ మాత్రం పరుగందుకుంది. డ్రాయింగు పాఠం ఎక్కడా ఆగలేదని పాప గంతులేసింది.

తల్లి చూపు గోడను వదల్లేదు.

జల్లెడ తిరిగివ్వడానికి వచ్చిన ఎదురింటి పిన్నిగారు ఆ అంకెలు చూసి గొంతు తగ్గించారు. పిల్లలున్న ఇళ్ళకు ఇలాగే గుర్తులు పెట్టుకుపోతారని విన్నారట.

"పెట్టె బాగుచెయ్యడానికి నీ కూతురి వయసెందుకే అమ్మాయ్?"

భర్తకు ఫోను చేస్తే ముందు నవ్వాడు. పాలు పొంగినా నీకు పోలీసులే గుర్తొస్తారన్నాడు. వయసు అడిగాడని చెప్పగానే నవ్వు ఆపేశాడు.

తల్లి తడిగుడ్డతో గోడ తుడిచేసింది. తర్వాత కంపెనీకి ఫోను చేసి, ఆ మనిషి అడిగినవన్నీ పూస గుచ్చినట్టు చెప్పింది. అతను మార్చినవన్నీ తీసేస్తామని, అతను మళ్ళీ మీ గుమ్మం తొక్కడని వాళ్ళు మాటిచ్చారు. గంటలో ఎవరో ఫోనులోనే చెప్తూ ట్యాబు కూడా మునుపటిలా చేయించారు.

ఆ పూట ఆమె కడుపునిండా తింది.

అయిదో రోజు సాయంత్రం తల్లి బట్టలు మడతపెడుతోంది. పక్క గదిలోంచి పాప కేకేసింది.

"అమ్మా, మన వీధి పేరుకి స్పెల్లింగేంటి?"

"ఎందుకే?"

"బొమ్మలక్క అడుగుతోంది."

తల్లి చేతిలోని చొక్కా వదిలేసి పరిగెత్తింది. ట్యాబు లాక్కుని చూసింది. పాప రోజూ చూసే బొమ్మల పేజీలాగే ఉంది. అవే రంగులు, అదే కుందేలు. కింద ఎవరో అడుగుతున్నారు, పాప జవాబు చెబుతోంది. పాప పేరు అప్పటికే చెప్పేసింది. బడి పేరు కూడా.

పెట్టె వైరు పీకి అవతల పారేసింది.

మర్నాడు పొద్దున్నే కంపెనీ నుంచి ఒక టెక్నీషియన్ వచ్చింది, ముప్పై ఏళ్ళ మనిషి. ముందు పోలీసులకూ బడికీ చెప్పించింది. తర్వాత ట్యాబు తిరగేసింది. బొమ్మల పేజీ పేరులో పాప ఒక అక్షరం ఎక్కువ కొట్టింది. ఆ పేరుతో ఎవరో అచ్చం అలాంటి పేజీయే పెట్టుకుని కాచుకున్నారు.

"మొన్న వచ్చినాయన మార్చింది తీసెయ్యకపోతే ఇది తెరుచుకునేదే కాదమ్మా. మీ పెట్టెలో డీఎన్ఎస్ మార్చి పెట్టారు."

తల్లి అయోమయంగా చూసింది.

"మనం పేజీ పేరు కొడితే, ఆ ఇల్లు ఎక్కడా అని పెట్టె ఒకరిని అడుగుతుంది. అడిగినవాళ్ళందరికీ అన్ని ఇళ్ళకూ దారి చెప్పేవాళ్ళు కొందరు. ఆయన పెట్టింది అలా కాదు. చెడ్డ ఇల్లని తెలిస్తే దారే చెప్పదు. చెప్పేది చురుగ్గా చెబుతుంది."

తల్లి గోడ వైపు చూసింది. టెక్నీషియన్ వంగి, ఫోను లైటు గోడకు అడ్డంగా పట్టింది. పెన్సిలు నలుపు పోయింది గానీ నొక్కిన గాట్లు సున్నంలో అలాగే ఉన్నాయి. ఒక్కొక్కటీ చదువుతూ మళ్ళీ పెట్టెలో పెట్టింది.

"ఆయన రాతే. నాకు పని నేర్పింది ఆయనే."

ఆయన్ని ఒక్కసారి పిలిపించమని తల్లి బతిమాలింది. మీ ఫిర్యాదు వెళ్ళిన రోజే పనిలోంచి తీసేశారని, ఊరు కూడా విడిచిపోయాడని, ఫోను కలవడం లేదని టెక్నీషియన్ చెప్పింది. ఇలా దారి మార్చడం కంపెనీ చెప్పిన పని కాదు. అయినా ఏడాదిగా ప్రతి గుమ్మంలో ఆ ప్రశ్న అడిగి మరీ చేసేవాడట.

"ఏడాదిగానా? ఎందుకు?"

టెక్నీషియన్ సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"పక్క వీధి పాప వాళ్ళింట్లో పెట్టె బిగించింది ఆయనేనమ్మా. ఆ రోజు, ఇంట్లో పిల్లలున్నారా అని అడగలేదట."