దూరపు కొమ్మ

ఆ మనిషి పొద్దుటి నుంచి ల్యాబ్ మెట్ల మీదే కూర్చున్నాడు.

"ఇంకా వెళ్ళలేదా?" కిటికీలోంచి చూస్తూ అడిగింది ఆమె.

"వెళ్ళడు," అన్నాడు పశువుల డాక్టర్. "టీ ఇప్పిస్తే ముట్టుకోలేదు. నేను మంచాన పడినప్పుడు మా ఆవిడ కూడా ఇంత దిగులుపడలేదు."

ఆమె నవ్వలేదు. జంతువులకు వచ్చే వైరస్‌ల జన్యువులు చదవడం ఆమె పని. మనుషుల ముఖాలు చదవడం చేతకాకే ఈ పనిలోకి వచ్చానని తనలో తాను ఎప్పుడో ఒప్పుకుంది. జన్యువుల్లో ఉండేవి అక్షరాలు. అవి ఏడవవు. మెట్ల మీద కూర్చుని ఎదురుచూడవు.

అతను కుక్కల్ని పెంచి అమ్మే షెడ్డులో పనివాడు. అక్కడ కుక్కపిల్లలు వరసగా విరేచనాలు పట్టుకుని చచ్చిపోయాయి. వాటి నమూనాలు అతనే తెచ్చాడు. ఇంకొకటి విడిగా, చొక్కా జేబులో పెట్టుకుని తెచ్చాడు. అది షెడ్డుది కాదు, ఇంట్లోదన్నాడు. మనుషుల నమూనాలు ఇక్కడ తీసుకోరని గేటు దగ్గర బోర్డు ఉన్నా, దగ్గుతూ వచ్చేవాళ్ళను తిప్పిపంపడం గుమస్తాకు రోజూ ఉన్న తద్దినమే. ఇతను దగ్గటం లేదు. ఏ జంతువని గుమస్తా అడిగితే ఒక్క క్షణం ఆగాడు.

"కుక్కే అని రాసుకోండి," అన్నాడు.

మధ్యాహ్నానికి తెర మీద వంశవృక్షం తయారైంది. చచ్చిపోయిన కుక్కపిల్లల వైరస్‌లన్నీ ఒకే కొమ్మకు గుత్తిగా వేలాడుతున్నాయి. కుక్కల కరోనావైరసే. కణాన్ని పట్టుకునే ముల్లు మాత్రం పిల్లుల కరోనా నుంచి వచ్చింది. ఎప్పుడో ఏ జంతువు ఒంట్లోనో రెండూ ఎదురుపడి ముక్కలు మార్చుకున్నాయి. ఒళ్ళు తండ్రిది, ముక్కు మేనమామది. ఇందులో ఆమెకు కొత్తేమీ లేదు.

ఇంట్లోదాని వైరస్ అలా లేదు. ఆ గుత్తిలోంచే బయల్దేరి, దూరంగా, ఒంటరిగా సాగింది.

ఆమె అక్షరాల దగ్గరకు వెళ్ళింది. ఒక జన్యువులో కొంత భాగం ఎగిరిపోయి ఉంది. యంత్రం పొరపాటేమోనని మళ్ళీ చదివించింది. అక్కడే, అదే ఖాళీ. కుక్క ఒంట్లో సుఖంగా ఉన్న వైరస్ ఆ భాగాన్ని వదులుకోదు. వేరే చోట కాపురం పెట్టేదే పాత సామాను పారేస్తుంది.

"ఇది కుక్కల్ని దాటిపోతోంది," అంది మెల్లగా. "మన వైపు."

పశువుల డాక్టర్ చేతిలోని కప్పు కింద పెట్టేశాడు.

ఆమె మెట్ల దగ్గరకు వచ్చేసరికి అతను లేచి నిలబడ్డాడు.

"తింటోందా?"

"గుక్కెడు నీళ్ళు కూడా దిగటం లేదు మేడమ్."

"ఊపిరి?"

"ఎగపోస్తోంది. డొక్కలు లోపలికి పోతున్నాయి. ఎక్కడెక్కడో చూపించాను. పరీక్షలన్నీ బాగున్నాయంటారు. బాగుంటే ఎందుకలా అయిపోతుంది మేడమ్? మీరే చెప్పండి."

"వయసెంత?"

"అయిదు నిండింది."

ఈ జబ్బుకు పోయేవి పసికూనలు. అయిదేళ్ళది తట్టుకోవాలి. తట్టుకోలేకపోతోందంటే వైరస్ అంత మారిపోయింది.

"దాని దగ్గర ఎవరుంటున్నారు?"

"మా ఆవిడ. ఒళ్ళోంచి దించటం లేదు." అతను గొంతు తగ్గించాడు. "మందుందా మేడమ్? ఉంటే ఉందనండి చాలు. ఎక్కడున్నా తెచ్చుకుంటాను. నడిచి వెళ్ళమన్నా వెళ్తాను."

ఆమె అతని చెప్పుల వైపు చూసింది. పైకి చూస్తే చెప్పేయాల్సి వస్తుంది.

"ఇంటికొచ్చి చూస్తాను," అంది.

"మీరే వస్తారా?" అతను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

లోపల పశువుల డాక్టర్ అడిగాడు. "చెప్పారా?"

"లేదు."

"మంచి పని చేశారు. చెబితే ఎత్తుకుపోయి దాచేస్తారు. ఆ మధ్య ఒకాయన తన కుక్కను బీరువాలో పెట్టాడు. ముందు పని కానిచ్చి, తర్వాత చెప్పుకోవడమే." అతను సిరంజిలోకి ప్రాణం తీసే మందు లాగి మూత పెట్టాడు. "నేను మెడ పట్టుకుని పొడిచేస్తాను. మీరు అతన్ని మాటల్లో పెట్టండి."

ఆమె ఆలోచించింది. మాటలు. అంతకంటే కష్టమైన పని లేదు. ఆమె చదివిందీ పశువైద్యమే.

"మాటలు నా వల్ల కాదు," అంది. "అది నాకివ్వండి."

వీధిలో అతను ముందు పరుగులాంటి నడకతో పోతున్నాడు. వీళ్ళు వస్తున్నారో లేదోనని మాటిమాటికీ వెనక్కి తిరుగుతున్నాడు. బట్టలుతికే దుకాణం పక్కన ఇరుకు మెట్లు. మలుపు దగ్గర ఆగాడు.

"మీరు కోప్పడనంటే ఒక మాట చెప్తాను మేడమ్."

"తర్వాత."

"ముందే చెప్పాలేమో..."

"తర్వాత చెప్పండి," అంది, మాస్కు పైకి లాక్కుంటూ. ఇప్పుడు ఒక్క మాట విన్నా తన చెయ్యి ఆడదని ఆమెకు తెలుసు.

అతని భార్య తలుపు తీసింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"వచ్చారా తల్లీ. ఇప్పుడే కాస్త కునుకు పట్టింది," అని పక్కకు తప్పుకుంది.

గది చీకటిగా ఉంది. గిన్నెలో తడి గుడ్డలు. తెర వెనక నుంచి ఊపిరి, రంపంతో కర్ర కోస్తున్నట్టు. పశువుల డాక్టర్ అతని భుజం మీద చెయ్యి వేసి గుమ్మం దగ్గరే ఆపేశాడు. ఆమె జేబులోనే బొటనవేలితో సిరంజి మూత తీసింది. నిద్రలోనే అయిపోతే దానికీ తెలియదు, తనకీ కొంత తేలిక. ఊపిరి బిగబట్టి, తెర పక్కకు లాగింది.

మంచం మీద రెండు జడలు వేసుకున్న పాప కళ్ళు తెరిచి, "డాక్టరమ్మ వచ్చిందా నాన్నా?" అంది.