పలకరాని పేరు

“మగని పేరు ఎవురన్నా చెప్తేగదమ్మా నేను పొడిచేది?” వెదురుపుల్లకు కట్టిన సూదులను మసిలో ముంచి పట్టుకుని, పచ్చబొట్ల కుప్పమ్మ అడిగింది.

కొత్త కోడలు నిర్మలమ్మ చెయ్యి చాచి, తల వంచుకుని కూర్చుంది. మొగుడి పేరు ఏ కోడలు పలుకుతుంది?

“నువ్వన్నా చెప్పమ్మా, నీ కొడుకే గదా.”

“మా మామ పేరే వానికి పెట్టినాము. నేనెట్లా పలికేది? పుట్టినప్పటినించీ ‘అబ్బోడా’ అనే పిలస్తాండా,” అంది అత్త నాగరత్నమ్మ.

తిరుపతి గంగమ్మ జాతర ఆఖరి రోజు. మధ్యాహ్నం బండికి కుప్పమ్మ గూడూరు వెళ్ళిపోతుంది, మళ్ళీ ఏడాదికి గానీ రాదు. కొడుకేమో రేణిగుంటలో పనికి పోయాడు. చచ్చిపోతే నగలన్నీ ఇక్కడే ఉండిపోతాయి, పైకి వెంట వచ్చేది పచ్చబొట్టొక్కటే అని నాగరత్నమ్మ నమ్మకం. చేతిమీద పేరు లేకుండా పోతే ఆ జనంలో కోడలు తన కొడుకును ఎట్లా వెతుక్కుంటుందని ఆమె దిగులు.

“కాయితం మీద రాసిస్తే అట్లే దిద్దుతాను. నాకు సదువు లేదు, పేరు పైకి పలుకుతా ఉంటేనే అలవాటుమీద చెయ్యి పోతాది,” అంది కుప్పమ్మ.

“నాకూ లేదే. నీకేమన్నా వచ్చునా మే?”

నిర్మలమ్మ నిట్టూర్చింది. “మా ఊరి బడి కప్పు కూలిపొయ్యి శానా ఏండ్లయింది గదత్తా.”

ఇక గుర్తులే గతి. “కొండమీద సామి పేరే,” అంది నాగరత్నమ్మ. తిరుపతిలో ఆ గుర్తు చెప్పి పిలిస్తే సగం ఊరు పలుకుతుంది.

“వెంకటేశా? శీనివాసులా? గోవిందా? తిరుమలయ్యా?”

“కాదు మే. కొండలు ఎన్ని ఉండాయో లెక్కబెట్టు.”

కుప్పమ్మ వేళ్ళు మడుస్తూ ఏడు దగ్గర ఆగిపోయింది. గభాలున కొంగు తలమీదికి లాక్కుంది.

“ఆ పేరు నేను పలకగూడదమ్మా. మా ఇంటాయన పేరూ అదే.”

“నీ చేతిమీద ఉంటాది గదా, దాన్ని జూసి పొడుసు.”

“మాకు రాతలు యాడివమ్మా, తేలుబొమ్మే.”

ఇంకెవరినన్నా పిలిచేలోపే బండి వేళయింది. కుప్పమ్మ మూట కట్టుకుని వెళ్ళిపోయింది.

“నా రాత ఇంతే అత్తా,” అంటూ నిర్మలమ్మ కళ్ళొత్తుకుంది. నాగరత్నమ్మ మనసు కరిగి, దారిలో కోడలికి చేతినిండా గాజులు వేయించింది.

మర్నాడు నిర్మలమ్మ పుట్టింటికి కార్డు రాసింది: “అమ్మా, సూది గండం తప్పింది.”